పేజీకో మురుకు

జూన్ 14, 2021. సోమవారం

ఈ డైరీ 2020ది. నేను మునుపు బట్ట నేసే సాంచలు నడిపిన కార్ఖానా సేఠ్ ఇచ్చిండు. ఆ ఏడు ఎవ్వలకు రాసుకునే పని పడలె, అందుకే కొత్తగనే ఉన్నది. వారాలు కలుస్తలెవ్వు. కరోనాల ఏ వారమైతె ఏంది.

సంగతేందంటె, నిన్న నా కొడుకు పరమేశ్ అన్నం తినుకుంట సల్లగ ఒక మాట చెప్పిండు. బతుకుదెరువుకొచ్చిన ఈ బమ్రోలిల బడి ఫోన్ల నడుస్తున్నది. ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫోను, అది వానితోని సాంచల కార్ఖానాకు పోతది. నాలుగో తరగతి సంగీత, రెండో తరగతి వినోద్, ఇద్దరు ఉన్న సదువు కూడ మర్చిపోయిన్రు. కోడలు తల్లిగారిల్లు సిరిసిల్ల. ఆడ టీవీల పాఠాలొస్తయట, మేనమామకు రెండు ఫోన్లట. ఒక ఏడాది పిల్లలను ఆడ ఉంచుతరట. జులై ఒకటికి రైలు. టికెట్లు కూడ అయినయి.

ఇంట్ల నేను ఖాళీగ కూసున్న గదా, నేను చెప్త సదువు అన్న. పరమేశ్ నవ్విండు. కోడలు జమున నవ్వలె. గదే భయం.

కూలికి తెచ్చిన చీరెకు లేసు కుట్టుకుంట, తల ఎత్తకుంటనే అన్నది: "సరే మామ. ముప్పై తారీఖు నేనే పరీక్ష పెడ్త. సంగీతకు భాగారం రావాలె, వినోద్‌కు గుణింతాలు రావాలె. వస్తె ఉంటరు. రాకపోతె రైలే."

ఆమె పది పాస్. నేను ఐదు. ఆరో తరగతి గదిని బయటినుంచి చూసిన.

పిల్లలు పోతె నాకేం బాధ లేదు. కాని ఎవలను సతాయించాలె? నా భార్య బుచ్చవ్వను నలభై ఏండ్లసంది సతాయిస్తున్న. ఆమెకు అలవాటైంది, మజా పోయింది.

సిలబస్ రాసిన:
6:00 లేసుడు
6:30 లెక్కలు
8:00 తెలుగు
10:00 సైన్సు (పంకా ముట్టుకుంటె షాకు ఎందుకు కొడ్తది)
11:00 చరిత్ర (నాదే)

సర్కారు కూడ ఇంత మంచిగ రాయలె.

జూన్ 15

6:00 లేసిన.
6:05 పళ్లెం మీద గంటెతోని సైరన్ కొట్టిన.
6:06 కింది గది బిక్షపతి పైకొచ్చిండు. కార్ఖానాల రాత్రి పాలి పని చేసొచ్చి అప్పుడే కన్ను మూసిండట. సైరన్ రద్దు.
8:30 పిల్లలు లేసిన్రు.
9:00 లెక్కలు. ఎక్కాలు చెప్పుకుంట గోడకు ఒరిగిన.
11:00 బుచ్చవ్వ లేపింది. సారు పండుకున్నడు, పిల్లలు మెట్ల మీద గోటీలాడుతున్నరు, బడి బాగ నడుస్తున్నదని మెచ్చుకున్నది.

మొదటి రోజు గదా.

జూన్ 17

భాగారం మొదలువెట్టిన. పుస్తకంల అంకెకు ఇల్లు కట్టిన్రు. ఒక అంకె లోపట, ఒకటి బయట, ఇంకోటి కప్పు మీద. మా కాలంల అంకెలు ఎండకు వానకు బయటనే ఉండేటియి.

సంగీత అడిగింది, కప్పు మీదిది ఎట్లొచ్చింది తాత అని. మంచి ప్రశ్న అన్న. భాగారం వచ్చే వారానికి జరిపిన.

జూన్ 19

చరిత్ర. ఈ ఒక్క పాఠానికి వినోద్ ఒంటికి పోత అనలె.

మా సేఠ్ రేటు తగ్గించిన ఏడు మేము సాంచలు బందు పెట్టుడు చెప్పిన. గేటుకు అడ్డం కూసున్నం. సద్ది తెచ్చుకోనోళ్లు పగటీలికే లేసిపోయిన్రు, తెచ్చుకున్నోళ్లం ఉన్నం. ఆఖరికి సేఠే చాయ్ పంపిండు. చాయ్ వచ్చిందంటె గెలిచినట్టే అని చెప్పిన.

ఇద్దరు నోరు తెరుచుకొని విన్నరు. నేను పుట్టు మాష్టర్ని. ఎవ్వలు గుర్తుపట్టలె అంతే.

జూన్ 21

కొత్త పద్ధతి. సాంచ మీద మీటరు లెక్క కూలి ఉంటది. గట్లనే పేజీ లెక్క. ఒక పేజీ రాస్తె నాయినమ్మ చేసిన మురుకు ఒకటి.

ఏం రాసిన్రు, ఏం రాసిన్రు! సంగీత నోటుబుక్కు సగం నింపింది. వినోద్ పెన్సిలు రెండు సార్లు చెక్కిండు. ఈ తెలివి సర్కారుకు ఎందుకు రాలేదో.

జూన్ 23

మాలు చెక్ చేసిన.

వినోద్ పేజీకి మూడు అక్షరాలు రాసిండు. ఒక్కొక్కటి గుమ్మడికాయంత. సంగీత ఒకే పాఠం మళ్ల మళ్ల దింపింది. మురుకుల డబ్బ సగమైంది. బుచ్చవ్వ డబ్బను చూసింది, నన్ను చూసింది, మూత గట్టిగ బిగించింది.

కార్ఖానాల పాడైన బట్టకు కూలి కోసినట్టు డ్యామేజీ కటింగ్ పెట్టిన. పాడైన పేజీకి మురుకు లేదు, మీదికెల్లి ఒకటి వాపస్.

జూన్ 24

హర్తాల్.

ఇద్దరు పెన్సిళ్లు కింద పెట్టి మెట్ల మీద కూసున్నరు. కటింగ్ బందు కావాల్నట. పేజీకి రెండు కావాల్నట. తాత కూడ రాయాల్నట. సంగీత ముందట చేతులు కట్టుకున్నది. "గిట్ల నహి చాలే తాత. నడువదు."

నాకు మండింది. మీరు కాకపోతె గల్లీల పిల్లలు లేరా, రేపు వేరే ఇద్దరిని తెచ్చుకుంట అన్న.

బియ్యం ఏరుకుంట బుచ్చవ్వ అన్నది: "గీ మాట మీ సేఠ్ అన్ననాడు ఇంటికొచ్చి పళ్లెం ఇసిరికొట్టినవ్ గదయ్యా."

మొన్న సైరన్ కొట్టింది ఆ పళ్లెమే. సొట్ట అట్లనే ఉన్నది.

సాయంత్రం రాజీ. అన్నీ ఒప్పుకున్న.

జూన్ 27

భాగారం చెప్పలె. కారణాలు: వాన. కరెంటు పోయింది. ఆదివారం. నా మోకాలు.

పత్తాలాట చెప్పిన. అది కూడ లెక్కలే. వినోద్ నన్ను ఓడగొట్టిండు, అంటె సదువు ఎక్కుతున్నట్టే.

జూన్ 29

జమున సంచి దించి దులిపింది. నేను చూడలె. సంగీత గౌను మడతపెట్టింది. అదీ చూడలె.

పొద్దున లేసి అంతా ఒక్కరోజుల నేర్పిస్త.

జూన్ 30

లేసేటాళ్లకు తొమ్మిదైంది.

పగటీలి పరీక్ష. వినోద్ "క" గుణింతం సగం దాక పోయి ఆగిండు. సంగీతకు తొంభై ఆరును నాలుగుతోని భాగించు అన్నది జమున. ఇల్లు మంచిగనే కట్టింది పిల్ల. అంకెలను లోపట పెట్టింది. ఇగ నా దిక్కు చూసింది. నేను పంకా దిక్కు చూసిన.

జమున కోపం చెయ్యలె. బట్టలు సర్దుత అని లేసింది.

అప్పుడు సంగీత పలక పెట్టి, పోయి తలుపుల అడ్డం కూసున్నది. వినోద్ పోయి మురుకుల డబ్బ పట్టుకొచ్చి పక్కన కూసున్నడు. సద్ది.

కార్ఖానా నుంచి పరమేశ్ వచ్చిండు. లోపటికి సందు లేదు. లేస్తరా, కట్టె తేవాల్నా అన్నడు.

"ముందుగాల మా మాట ఇను పప్పా," అన్నది సంగీత. "మేము రైలెక్కం. ఫోను పొద్దుగాల ఇంట్ల ఉండాలె. భాగారం మమ్మీ చెప్పాలె. తాతకు రాదు."

అందరు నన్ను చూసిన్రు. వస్తది, మర్చిపోయిన అన్న. బుచ్చవ్వ కూడ నమ్మలె.

సేఠ్ ఫోను చేస్తె ఎట్ల అన్నడు పరమేశ్. సేఠ్ గొంతు ఫోను లేకున్నా బమ్రోలి అంత వినపడ్తది అని నేనన్న.

జమున చీరెల మూటను చూసింది. "నేను సదువు చెప్పుకుంట కూసుంటె ఇవి ఎవలు కుడ్తరు?"

"నేను కుడ్త బిడ్డ," అన్న.

"లేసు వంకర పోతె?"

"కటింగ్ చేస్కో."

అప్పుడు నవ్వింది. పదిహేను దినాలసంది ఆ నవ్వు కోసమే చూస్తున్న.

లోపటికి పోయింది. చానసేపు రాలె. వచ్చేటప్పుడు చేతుల రెండు గిలాసలు. తలుపుల కూసున్నోళ్లకు ఇచ్చింది.

చాయ్.

వినోద్ నా దిక్కు చూసి కన్ను కొట్టిండు.

జులై 1

రైలు పోయింది. మా పిల్లలు లేకుంటనే పోయింది. టికెట్లు వాపస్ చేసిండు పరమేశ్.

కొత్త సిలబస్, జమున రాసింది. ఫోను క్లాసు అయినంక లెక్కలు. నేను వినోద్ వెనుక కూసుండి లేసు కుట్టుకుంట భాగారం వినాలె. మొదటి చీరె లేసు పాము పోయినట్టు పోయింది. మళ్ల ఇప్పి కుట్టమన్నది.

రేపటినుంచి ఆరింటికి లేస్త. వారంల భాగారం నేర్చుకుంట. ఈసారి పక్కా. సైరన్ లేకుంట.

ఈ పేజీ రాసినందుకు నాకు ఒక మురుకు రావాలె. చూపిచ్చి అడిగిన. సంగీత తిప్పి తిప్పి చూసింది.

"అక్షరాలు పెద్దగున్నయి తాత," అన్నది.