గట్టు మీది పిల్లకు

పాసిర్ రిస్,
మంగళవారం

చిరంజీవి నిఖిలకు,

నువ్వు ఫోన్ కట్టేశావు కనుక ఇది నీ గెస్ట్‌హౌస్ ఆవిడకి పంపి, నీ చేతికిమ్మన్నాను. నీ లోహిత్‌తో చూడాలనుకున్న చోటని, అతను పోయాక ఒక్కదానివే వేల్స్ వెళ్ళావు. నాలుగు రోజులన్నావు, మూడు వారాలయింది. సముద్రం ఇక్కడా ఉంది. ఓడలు అడ్డమొచ్చినా ఏడవడానికి సరిపోతుంది.

“రోజూ ఈదుతున్నా అమ్మమ్మా, హాయిగా ఉంది” అన్న నీ మెసేజ్ చూసి మీ అమ్మ మురిసిపోయింది. నిన్ను ఈత క్లాసుకి తీసుకెళ్ళింది నేను. రెండేళ్ళూ నువ్వు నీళ్ళకి భయపడి గట్టునే కూర్చున్నావని మనిద్దరికే తెలుసు.

వీసాకి పెట్టాను. ప్రయాణ కారణం ‘విహారం’ అని రాశాను. డెబ్బై తొమ్మిదేళ్ళలో ఇంత పచ్చి అబద్ధం ఎక్కడా రాయలేదు. నేను వచ్చేదాకా నీళ్ళలో దిగకు. నన్ను తిట్టడానికైనా ఇవాళే ఫోన్ చెయ్యి తల్లీ.

అమ్మమ్మ