అవ్వ ఫోను, నా థీసిస్

అవ్వా,

ప్రార్థన కూటం నుంచి రాంగనే ముందుగాల తిను. పప్పు గిన్నెల ఉంది, జర వేడి చేసుకో. బాపు బీపీ గోలి మర్చిపోతడు, నువ్వే చేతికియ్యి. నేను ఎంఏ థీసిస్ అప్పజెప్పెతందుకు యూనివర్సిటీకి పోతున్న. మాపటికి వస్త.

"నీ థీసిస్ల గా డిజిటల్ పాలసీ అంటే ఏందే?" అని నువ్వు ఎన్నిసార్లు అడిగినా సక్కగ చెప్పలే. ఇప్పుడు చెప్త, నవ్వకు. మన నస్పూర్ల ఆడోళ్లకు ఫోన్లు ఉన్నయి గని, అవి వాళ్ల చేతుల ఉండయని రాసిన. మొగడో కొడుకో గుంజుకుంటడని ఇల్లిల్లు తిరిగి, అడిగి మరీ రాసిన. ఎవరి ఫోను వాళ్ల దగ్గరనే ఉండాలెనని సర్కారుకు సలహా గూడ ఇచ్చిన, పెద్ద తెలివిగల్లదాని లెక్క. బిడ్డలు గుంజుకునే ముచ్చట మాత్రం యాడా రాయలే. మొదటి పేజీల "మా అవ్వ రిబ్కమ్మకు" అని అచ్చేయించిన.

నీ బిడ్డ హెప్సిబా

ఇంకో మాట. కూటంల మోగుతదని నువ్వు ఇంట్ల పెట్టి పోయిన ఫోను కోసం దేవులాడకు. నా నెట్ అయిపోయింది, నీది తీసుకపోతున్న. ఖానాపూర్ చిన్నమ్మ ఫోన్ చేస్తే, నువ్వు మంచిగున్నవని నేనే చెప్త.