కౌశల్‌ని టీములోంచి తీసేసిన గురువారం

సెంగ్‌కాంగ్, సింగపూర్
16 జూన్ 2025, సోమవారం ఉదయం

తమ్ముడు సాంబమూర్తికి,

నీ పెద్దక్క సుభద్ర దీవించి రాస్తున్న ఉత్తరం. మరదలు నవతకీ, మేనల్లుడు కౌశల్‌కీ నా ఆశీస్సులు చెప్పు. నువ్వు చెప్పకపోయినా చేరతాయిలే, ఆశీస్సులకి ఫోను నంబరు అక్కర్లేదు. ఇక్కడ నేనూ, మీ బావగారూ, నీ మేనకోడలు రుచితా కులాసా. నా నంబరు నువ్వు బ్లాకు చేసి అయిదు వారాలైంది కాబట్టి కాగితం తీశాను. మనింట్లో ఒకరికొకరం ఉత్తరం రాసుకుని ఇరవై ఏళ్లు దాటింది. నా చేతిరాత పాడైపోయింది. ఓపిగ్గా చదువు.

మే నెల ఎనిమిదో తారీకు, గురువారం ఉదయం నేనేం చేశానో ఇంట్లో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. ఆ ఉదయం ఇక్కడ ఉన్నదాన్ని నేను. కాబట్టి నేను చెబుతాను.

అయిదింటికి లేచాను. వాన పడి వెలిసింది. కిటికీ బయట వెదురుకర్రల మీద ఆరేసిన బట్టలు తియ్యడం మీ బావగారు మర్చిపోయారు. మళ్లీ పిండి ఇంట్లో ఆరేశాను. స్నానం చేసి దీపం పెట్టాను. అగరొత్తుల పొగకి ఇంట్లో అలారం మోగుతుందని రుచిత గొడవ, అందుకని ఒక్కటే వెలిగిస్తాను. పెసలు రుబ్బాను. అల్లం తక్కువైంది. మీ బావగారు కింద కాఫీ షాపులో చక్కెర లేని కోపి, అదే ఇక్కడి కాఫీ, తాగి, పైకొచ్చి చక్కెర వేసిన టీ అడిగారు. రెండట్లు తిని, మూడోది రుచితకి ఉంచమన్నారు. ఆరున్నరకి మా కిటికీ ముందు నుంచి ఎల్‌ఆర్‌టీ రైలు పోయింది. ఆరూ నలభైకి కౌశల్ ఫోన్ చేశాడు. ట్రెయినింగుకి వెళ్తూ కారు పక్కకి ఆపుకుని, అత్తా ఏం టిఫిన్ అని అడగడం వాడికి అలవాటే. ఆ రోజు టిఫిన్ సంగతి అడగలేదు. పావుగంట మాట్లాడాడు. 

వాడు పెట్టేశాక చెయ్యి కడుక్కున్నాను. దేవుడికి దండం పెట్టుకున్నాను. ఫోను తీసి, నా టీములోంచి కౌశల్ పేరు తీసేశాను. ఏడుంబావుకి పనికి బయల్దేరాను.

అంతే, ఆ ఉదయం.

ఈ ఉత్తరం నవత వాళ్ల అన్నయ్యగారు కూడా చదువుతారని తెలుసు. నా స్థానంలోకి వచ్చిన మనిషి, ఆటకి కొత్త. ఆయనకి అర్థం కావాలని కొంచెం వివరంగా రాస్తున్నాను. ఇది ఆస్ట్రేలియా ఫుట్‌బాలు. టీము మన ఫోనులో ఉంటుంది, ఆటగాళ్లు నిజం మనుషులు. వారం వారం వాళ్లు గ్రౌండులో ఎలా ఆడితే మనకి అన్ని పాయింట్లు. అందరికీ ఒకటే బడ్జెట్టు. పేరున్నవాళ్లని కొనేసరికి అది అయిపోతుంది. మిగిలిన చోట్లలో చవగ్గా వచ్చే కొత్త కుర్రాళ్లని, రూకీలని, నింపుకోవాలి. ఏ రూకీకి నిజంగా మ్యాచ్ దొరుకుతుందో ముందే కనిపెట్టినవాళ్లదే గెలుపు.

ఈ ఆట మాకు నేర్పింది నువ్వే, సాంబా. నువ్వు మెల్‌బోర్న్‌లో, మేం ఇక్కడ, మన చిన్నవాడు బాబ్జీ వాళ్లు ఈ ఊళ్లోనే పాసిర్ రిస్‌లో. ఏడాదికోసారి కలుస్తాం, వారానికోసారైనా ఒకరినొకరం తిట్టుకుందాం అన్నావు. అందుకే చేరాను. పాయింట్ల పట్టికలు నాకు తెలియవు. ప్రాక్టీసు వీడియోల్లో కిందపడ్డ కుర్రాడు ఎలా లేస్తాడో చూసేదాన్ని. చేతులు ఆనించి వెంటనే లేచేవాణ్ని తీసుకునేదాన్ని. లేవకుండా ముందు ఎవరైనా చూశారా అని చుట్టూ చూసేవాణ్ని వదిలేసేదాన్ని. చైల్డ్‌కేర్‌లో పనిచేసే మనిషివి కదా, ఇది అంగన్‌వాడీ పద్ధతి అని బాబ్జీ వెక్కిరించేవాడు. ఆ పద్ధతితోనే రెండేళ్లు గెలిచాను.

కిందటి నవంబరులో కౌశల్‌ని ఒక క్లబ్బు రూకీగా తీసుకుంది. మన ఇంటి పిల్లవాడి పేరు ఆ జాబితాలో. చదువు వాయిదా వేస్తాడంటే వద్దన్నది నేనే, దాచుకోను. ఏడాది చదివి ఆడమన్నాను. ఆ మాట నువ్వు ఇప్పటికీ మోస్తున్నావని నాకు తెలియదు. 

మార్చిలో అందరం టీములు కట్టాం. నువ్వు కౌశల్‌ని తీసుకోలేదు. ఈ ఏడాది వాడికి మ్యాచ్ రాదు, కొడుకు కదా అని చోటు వేస్టు చేసుకోలేను అన్నావు. బాబ్జీ తీసుకోలేదు. నవత తీసుకోలేదు. నేనొక్కదాన్నే తీసుకున్నాను. ఎనిమిది వారాలు వాడు నా బెంచీ మీద కూర్చుని సున్నా తెచ్చాడు. అక్కా, అది టీమా, అన్నదాన సత్రమా అని అడిగావు. నవ్వాను. వారం వారం ఆఖరిస్థానానికి జారాను. వాణ్ని తియ్యలేదు.

మే ఆరున, మంగళవారం రాత్రి కబురు వచ్చింది, శనివారం కౌశల్ మొదటి మ్యాచ్ ఆడుతున్నాడని. బుధవారానికల్లా మీరందరూ వాణ్ని కొన్నారు, కెప్టెన్ని చేశారు. గురువారం సాయంత్రం ఆ వారం మొదటి మ్యాచ్ మొదలవగానే ఒకరి టీము ఒకరికి కనపడుతుంది. ఏడు టీముల్లో వాడున్నాడు. నా టీములో లేడు.

ఆ సాయంత్రం గ్రూపులో వచ్చినవన్నీ నేను దాచుకున్నాను. అక్కకి దేవుడు డైరెక్టుగా టీము న్యూస్ చెబుతున్నాడు కాబోలు అని నువ్వు. హాకర్ సెంటర్లో టిష్యూ ప్యాకెట్ పెట్టి ఎనిమిది వారాలు చోప్ చేసి ఆపుకున్న సీటు, తీరా అన్నం వచ్చే వేళకి లేచిపోయావేంటక్కా అని బాబ్జీ. నవత మాత్రం నవ్వలేదు. మా వాడు ఎదగడం ఎవరికి కిట్టదో ఇప్పటికి తెలిసింది అంది. కౌశల్ కోసం దీపం పెట్టానని ఒక్క ముక్క రాశాను. దానికి నువ్వు నమస్కారం బొమ్మ పెట్టావు. ఆ నమస్కారం ఏ రకమో నాకు అర్థమైంది.

శనివారం నువ్వు గ్రౌండులోనే ఉన్నావు, నేను టీవీలో చూశాను. రెండో క్వార్టరులో బంతి కోసం ఎగిరాడు. అవతలివాడి భుజం తగిలి, తల నేలకి కొట్టుకుంది. లేచాడు. లేచి అవతలి టీము బెంచీ వైపు నడిచాడు. మీ బావగారు టీవీ కట్టేశారు. నేను మళ్లీ పెట్టమన్నాను.

ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. నీ చేత్తో తీసేశావు, వాడు పడిపోయాడు అన్నావు. ముప్ఫై ఏళ్ల పూజల్లో ఒక్క పిల్లాడి మంచి కోరుకోవడం చేతకాలేదా అన్నావు. వాడు ఓడిపోయి చదువుకి తిరిగి రావాలన్నదే నీ మొక్కు అన్నావు. దిష్టి అన్నావు. ఆ మాట నవత అంటే నేనేమీ అనుకోను. ఆడపడుచులం మాటలు పడటానికే పుట్టాం. అన్నది నువ్వు. నా జవాబు వినకుండానే పెట్టేశావు, ఆ తర్వాత నా నంబరు ఆపేశావు.

కౌశల్ సంగతులు బాబ్జీ చెబుతుంటే వింటున్నాను. గదిలో తెరలు వేసి పడుకుంటున్నాడట. మాట మొదలుపెట్టి మధ్యలో మర్చిపోతున్నాడట. మొన్న ఫ్రిజ్ తలుపు తీసి, ఎందుకు తీశానమ్మా అని నవతని అడిగాడట. ఆ రోజంతా నేను నోట్లో ఏమీ పెట్టలేదు. ఉపవాసం ఏంటి ఇవాళ అని మీ బావగారు అడిగారు. ఏకాదశి అని అబద్ధం చెప్పాను.

నిన్న సాయంత్రం బాబ్జీ ఇంట్లో కలిశాం. నువ్వూ నవతా వీడియో కాల్‌లో టీవీ మీద కనిపించారు. నేను కెమెరా పక్కన సోఫా చివర కూర్చున్నాను, మీకు నా మోకాళ్లు మాత్రం కనపడి ఉంటాయి. అవతల అక్క ఉందా అని కూడా నువ్వు అడగలేదు. మాట్లాడింది మీరూ, బాబ్జీ. అక్కడ అనుకున్నవి రేపు ఎవరూ మార్చకుండా రాసి ఉంచుతున్నాను.

ఇరవై తొమ్మిదో తారీకు ఆదివారం మీ ఇంట్లో శాంతి హోమం. బాబ్జీ కుటుంబంతో వస్తాడు. నేను రాకూడదు. పెద్దక్క మనసులో ఏముందో తెలియదు కాబట్టి హోమగుండం దగ్గర ఆవిడ లేకపోవడమే మంచిదని నవత అంటే, నువ్వు తల ఊపావు. మీ బావగారు లేవబోయారు. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. టీముల ఆట ఆపరు. నా పేరు తీసేసి ఆ చోటు నవత వాళ్ల అన్నయ్యగారికి ఇచ్చారు. కౌశల్‌తో నేను మాట్లాడకూడదు. వాడు ఫోన్ చేసినా ఎత్తకూడదు. సరేనా అక్కా అన్నాడు బాబ్జీ, నా మొహం చూడకుండా. సరే అన్నాను.

ఆఖరుగా నువ్వు డాక్టర్ల సంగతి చెప్పావు. వచ్చే నెల మొదటి వారంలో పెద్ద డాక్టర్లు కూర్చుంటారు. ఈ దెబ్బకి ముందు ఇంకేదైనా తగిలిందా అని కౌశల్‌ని రెండుసార్లు అడిగారట, లేదన్నాడట. తగిలిన దెబ్బ ఒక్కటే అయితే విశ్రాంతి తీసుకుని మళ్లీ ఆడవచ్చట. దెబ్బ మానకముందే రెండోది తగిలినట్టు తేలితే ఇక గ్రౌండు మొహం చూడక్కర్లేదట. ఒక్కటే కదా, దేవుడు ఆ మేలైనా చేశాడు అని నవత కళ్లు తుడుచుకుంది. అందరూ చేతులు జోడించారు. వాడి ముందు ఎవరూ పిరికి మాట మాట్లాడకూడదని, వచ్చే మార్చికల్లా కౌశల్‌ని మళ్లీ గ్రౌండులో దింపాలని నిన్న సాయంత్రం మన కుటుంబం నిర్ణయించింది.

నువ్వు నమ్మకపోయినా నీ ఇల్లు చల్లగా ఉండాలని కోరే
అక్క
సుభద్ర

తా.క. సంతకం పెట్టి, దీపం దగ్గర కాసేపు కూర్చుని, మళ్లీ కలం పట్టుకున్నాను. ఈ పేజీ నవత వాళ్ల అన్నయ్యగారికి చూపించకు.

ఆ గురువారం ఫోనులో కౌశల్ ఏడ్చాడు. మంగళవారం ప్రాక్టీసులో ఎవరిదో మోకాలు వాడి చెవి వెనక గట్టిగా తగిలిందట. రెండుసార్లు వాంతి అయింది. వెలుగు చూస్తే కళ్లల్లో సూదులు గుచ్చినట్టు ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పన్నెండు రోజులు పక్కన కూర్చోబెడతారు, ఆ చోటు ఇంకొకడికి పోతుంది, నాన్న అప్పుడే ఇరవైమందికి టికెట్లు తీశాడు అత్తా అన్నాడు. డాక్టరుకి చెప్పమని బతిమాలాను. ఆదివారం చెబుతానన్నాడు. ఎవరికీ చెప్పనని దీపం ముందు ఒట్టు వెయ్యమన్నాడు. వేశాను.

చైల్డ్‌కేర్‌లో పిల్లవాడి తలకి దెబ్బ తగిలితే పది నిమిషాల్లో తల్లికి ఫోన్ చెయ్యాలి. పద్దెనిమిదేళ్లుగా తప్పకుండా చేశాను. ఆ గురువారం మధ్యాహ్నం కూడా జారుడుబల్ల మీంచి పడ్డ ఒక చంటివాడి తల్లికి చేశాను. నీకు చెయ్యలేదు. 

ఒట్టు తప్పకుండా నీకు తెలియాలంటే ఏం చెయ్యాలో తోచక వాణ్ని టీములోంచి తీసేశాను. ఎనిమిది వారాలు మోసినదాన్ని అప్పుడు ఎందుకు తీశానని నువ్వు అడుగుతావనుకున్నాను. అడిగితే దాచేదాన్ని కాదు. గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా నా గురించి పదకొండు మెసేజీలు రాశావు. వాటిలో ఎందుకు అన్న మాట లేదు. అలాగని తప్పు నీ నెత్తిన రుద్దను. నాకూ నోరుంది. పాపం నాది.

నాలుగు రోజుల్లో రెండు దెబ్బలు, సాంబా. వాడు ఇక ఆడకూడదు. ఇది తెలిసిన రోజు నుంచి నన్ను అత్తా అని పిలవడు. తెలిసే రాస్తున్నాను. చిన్నప్పుడు నువ్వు ఒట్లు వేసి గట్టు మీద పెట్టేవాడివి, నేను తిట్టేదాన్ని. ఈ వయసులో నేనూ పెట్టాను.

ఈ కాగితం నీకు చేరేసరికి వారం పడుతుంది. చేరాక నువ్వేం చేస్తావో నాకు తెలియదు. రుచిత చేత ఇంగ్లీషులో రాయించి, తేదీలతో సహా, మీ క్లబ్బు డాక్టరుకి ఈ ఉదయమే మెయిల్ పంపించాను. ఈసారి నువ్వు అడిగేదాకా ఆగలేదు.