భోజనానికి కోటు తప్పనిసరి

ఓడలో నుంచి, గోవా దాటాక,
బుధవారం, 11 ఫిబ్రవరి 2026,
మధ్యాహ్నం మూడు గంటలు.

నాగవల్లి వదినకు,

అరుణ రెండు చేతులూ జోడించి చేసే నమస్కారం. ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలని మా అమ్మ నేర్పింది. మొదటి సగం రాస్తే అబద్ధమవుతుంది. రెండో సగం అడగడానికి నాకు మొహం లేదు. అందుకని ఆ ముక్క వదిలేసి ఒక్కటే వేడుకుంటున్నాను. చేతిరాత చూసి చించెయ్యకు వదినా, చివరిదాకా చదువు.

నువ్వు నా ఫోన్ ఎత్తి నాలుగు నెలలైంది. తప్పు నీది కాదు. పాశమైలారంలో ఒకే గోడకు అటు మీరు, ఇటు మేము ఆరేళ్లు ఉన్నాం. మీ ఆయన సాయన్న, మా ఆయన ఒకే షిఫ్టు, ఒకే బండి. అట్లాంటిది అన్న పోయిన మూడో రోజు మీ నాన్నగారింటి ముందు నువ్వు మా ఆయన చొక్కా పట్టుకున్నావు. రియాక్టర్ దగ్గర నిలబడేవాళ్లకు ఇచ్చే రబ్బరు డ్రెస్ ఆ రోజు ఎక్కడుంది అన్నయ్యా, హెల్మెట్ లేకుండా బండి కూడా ఎక్కని మనిషి డ్రెస్ లేకుండా ఎందుకు నిలబడ్డాడు చెప్పు అని అందరిలో అడిగావు. ఆయన తల దించుకున్నాడు. నేనేమో ఆయన రెక్క పట్టుకుని ఆటోలోకి లాక్కుపోయాను. అప్పటినుంచి మేము కంపెనీకి అమ్ముడుపోయామని అనుకుంటున్నావు. ఇప్పుడు అదే కంపెనీ ఖర్చుతో ఓడెక్కామంటే ఇంకెన్ని తిట్టుకుంటావో, తిట్టుకో.

మేము అడిగి ఎక్కలేదు. ఈ ఏడు ఉత్తమ ఆపరేటర్ చంద్రకాంత్ అని సంక్రాంతి వెళ్లాక బోర్డు మీద రాశారు. బహుమానం ఈ ప్రయాణం. ముంబై దాకా బస్సు, అక్కడి నుంచి మూడు రాత్రులు ఓడ, రేపు పొద్దున కొచ్చి, అక్కడ రెండు రోజులు, ఆ తర్వాత రైలు. మా ఆయన నాకొద్దు సార్ అంటే, మేనేజర్ మురళీమోహన్ గారు నవ్వి, ఎందుకొద్దో కాగితం మీద రాసివ్వమన్నారట. నోరు మూసుకుని సంచులు సర్దుకున్నాం.

ఓడ అంటే ఏడంతస్తుల మేడ అనుకునేవు. ఇది చిన్నది, పాతది. పైన పటారం, లోన లొటారం. తివాచీ మీద అడుగేస్తే కింద చెక్క కిర్రుమంటుంది. భోజనాల హాల్లో కుర్చీలను గొలుసులతో నేలకు కట్టేశారు. పెద్ద ఓడల్లో ఎప్పుడు పడితే అప్పుడు, ఎక్కడ పడితే అక్కడ తినొచ్చట. ఇందులో ఒకటే హాలు. పెళ్లిళ్లలో మాదిరి రెండు పంక్తులు, ఆరున్నరకు ఒకటి, ఎనిమిదిన్నరకు ఒకటి. ఎక్కగానే చేతిలో చీటీ పెట్టారు. ఆరో నంబరు బల్ల, నాలుగు కుర్చీలు. దిగేదాకా అవే కుర్చీలు, అవే మొహాలు. మిగతా రెండు కుర్చీల్లో ఎవరనుకున్నావు? మురళీమోహన్ గారు, ఆయన భార్య దుర్గాదేవి గారు.

పైగా తిండికి బట్టల చట్టం ఒకటి. రోజూ పొద్దున తలుపు కింద నుంచి కాగితం తోస్తారు. ఆ రాత్రి భోజనానికి ఏం వేసుకోవాలో అందులో ఉంటుంది. మొదటి రాత్రి మామూలు బట్టలే, కాకపోతే నిక్కరు, లుంగీ, చెప్పులు పనికిరావు. మా ఆయన మామూలుగానే చెప్పులతో వచ్చాడు. గుమ్మం దగ్గర మనిషి దండం పెట్టి మరీ ఆపాడు. మాలాంటి వాళ్ల కోసం అక్కడొక బుట్టలో బూట్లు పెట్టారు. రెండు సైజులు పెద్దవి తొడుక్కుని టపాటపామంటూ వచ్చి కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చేదే. ఇంతలో మేనేజర్ గారు, మన ప్లాంటులో కూడా డ్రెస్ లేకుండా లోపలికి రానివ్వం కదా చంద్రకాంత్ అన్నారు. మా ఆయన చేతిలో చెంచా జారి కింద పడింది. వంగి తీసుకోవడానికి కూడా ఆయనకు చేతకాలేదు.

నాలుగు నెలలుగా ఆయన సరిగా తినడం లేదు వదినా. ఎందుకో నీకు తెలుసు. ఆ సోమవారం నువ్వెళ్లి తినేసి రా బావా, నేను చూసుకుంటాను అని సాయన్న ఆయన్ను క్యాంటీన్‌కు పంపి తాను నిలబడ్డాడు. ఈయన రెండో ముద్ద పెట్టుకునేసరికి రియాక్టర్‌లో మరిగే మందు అన్న మీద చిమ్మింది, సైరన్ మోగింది. ఇప్పుడు పళ్లెం చూస్తేనే ఈయన మొహం మారిపోతుంది. ఇంట్లో జెర తినవయ్యా అని బతిమాలుకుంటాను. ఇక్కడ ఎదురుగా మేనేజర్ గారు తినండి తినండి అని కొసరి కొసరి వడ్డిస్తారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. గొలుసు కుర్చీలో నుంచి లేచి పోదామంటే, పోయేదెక్కడికి? చుట్టూ నీళ్లు.

నిన్న రాత్రికి తెల్ల బట్టలన్నారు. ఆడవాళ్లకు కూడా. కాగితం చదివి మంచం మీద కూలబడ్డాను. వాళ్లకది వేడుక కావచ్చు. నాకు నువ్వే కళ్ల ముందు మెదిలావు. పుస్తెలున్న దాన్ని తెల్లచీర ఎట్లా కట్టుకోను అని ఏడ్చి, చివరికి ఎర్రంచు గోధుమరంగు చీర కట్టుకుని వెళ్లాను. దుర్గాదేవి గారు నా భుజం తట్టి, ఏం ఫర్వాలేదు, బాగుంది అన్నారు. ఆవిడ మంచిదే. ఆవిడకు ఏమీ తెలియదనుకుంటాను.

సూపు తాగి అన్నం వచ్చేలోపల మేనేజర్ గారు ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ఇది నువ్వు గుండె దిటవు చేసుకుని చదవాలి. డ్రెస్ రియాక్టర్ గదిలోనే కొక్కేనికి ఉందట. వేసుకోమని చెప్పినా వెంకట సాయి వినలేదట. అది చూసిన సాక్షి చంద్రకాంత్ అట. ఈ నెల పద్దెనిమిదిన సంగారెడ్డిలో విచారణ ఉంది కదా, అక్కడ ఇదే చూపిస్తారు. ఈ సంతకం పడితే సాయన్న తన చావు తానే తెచ్చుకున్నట్టు. నీకు ఇస్తామన్న ఉద్యోగం పోతుంది, పరిహారం పోతుంది. రేపు నీ కొడుకు పెద్దవాడై అడిగితే, మీ నాన్న మాట వినక చచ్చిపోయాడని చూపించడానికి కాగితం మాత్రం ఉంటుంది.

మా ఆయన, ఆలోచిస్త సార్ అన్నాడు. తొందరేం లేదు, రేపు పెద్ద విందు, పెద్ద పనులు కోటు వేసుకునే చెయ్యాలి అని ఆయన కాగితం మడిచి పెట్టుకున్నారు. భోజనమయ్యాక బయట కమ్మీల దగ్గర మా ఆయన భుజం మీద చెయ్యేసి చెవిలో ఏదో చెప్పారు. నేను పది అడుగుల దూరంలో ఉన్నాను, గాలికి మాట వినపడలేదు. మా ఆయన మొహం మాత్రం సున్నం కొట్టినట్టయింది. గదికొచ్చాక ఏందయ్యా అంటే ఏం లేదు, పండుకో అన్నాడు.

ఈ పొద్దుటి కాగితంలో భోజనానికి కోటు తప్పనిసరి అని ఉంది. మా పెళ్లికి కూడా కోటు కుట్టించని మనిషి ఈయన. పదకొండింటికి దుర్గాదేవి గారే వచ్చి, మావారిది రెండోది ఉంది, సరిపోతుంది అని ఒక నల్లకోటు ఇచ్చి పోయారు. దులుపుతుంటే లోపలి జేబులో ఏదో తగిలింది. తీసి చూశాను. అదే కాగితం, పక్కనే పెన్ను. మళ్లీ అట్లాగే పెట్టేశాను.

ఆయన పైకి పోయి గంటయింది. కోటు మంచం మీద చేతులు చాపుకుని పడి ఉంది. సముద్రం పోటుమీదుంది, గది ఒకవైపు ఒరిగి మళ్లీ లేస్తోంది. హాలు ముందు నుంచి వస్తూ చూస్తే, పళ్లాలు జారకుండా బల్లగుడ్డల మీద నీళ్లు చిలకరిస్తున్నారు. అందరూ ఓడకు భయపడుతున్నారు. నాకు ఆ కోటంటే భయం. ఒళ్లు మండుతోంది కూడా వదినా. అన్నం తినడానికి మూడు రాత్రులకు మూడు రకాల బట్టలా! మనిషి ప్రాణం కాపాడే డ్రెస్ ఆ గదికి ఒక్కటే. రెండోది చినిగి ఏడాదైంది. మా ఆయన రెండుసార్లు అడిగితే, చూద్దాం చూద్దాం అన్నది ఈ పెద్దమనిషే.

సంతకం పెట్టొద్దని మధ్యాహ్నం ఆయన కాళ్లు పట్టుకున్నాను. పెట్టకుంటే ఏమైతదో నీకు ఎర్కలేదు అరుణా, నువ్వు ఊకో అన్నాడు. నువ్వు ఊకో అన్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

సాయన్న తప్పు ఆవగింజంత కూడా లేదు. ఇది నా చేత్తో రాసిస్తున్నాను. మా ఆయన్ను సంతకం పెట్టనివ్వను. పిల్లవాణ్ణి ముద్దాడానని చెప్పు. నాన్నగారికి నమస్కారాలు.

ఇట్లు,
నీ గడప తొక్కే మొహం లేని,
అరుణ.

తా.క. గురువారం, కొచ్చి.

వదినా, సంతకం పెట్టేశాడు.

మందుల షాపుకని చెప్పి పోస్టాఫీసుకు వచ్చాను. కౌంటరు పక్కన నిలబడి రాస్తున్నాను. రాత్రి ఒక్క ముద్ద తినలేదు. మిఠాయి వచ్చాక జేబులోంచి కాగితం తీసి, తడి బల్లగుడ్డ మీదే పెట్టి పేరు రాసేశాడు. మేనేజర్ గారు అది ఊది ఆరబెట్టి, చంద్రకాంత్‌కు ఇంకో ఐస్‌క్రీమ్ తెమ్మని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. పెట్టనివ్వనని నీకు పెద్దగా రాశాను కదా, నోరు పెగల్లేదు. ఎందుకు పెగల్లేదో ఇప్పుడు చెప్తాను. పైన అన్ని కబుర్లు రాసి అసలు మాట దాచాను.

డ్రెస్ ఎక్కడుందని అడిగావు కదా. ఆ సోమవారం ఆ డ్రెస్ మా డాబా మీద, దండెం మీద ఉంది.

ఫ్యాక్టరీలో ఉతికే మనిషిని మానిపించి అప్పటికి మూడు నెలలు. లోపలి వాసనకు మా ఆయన రోజూ వాంతి చేసుకునేవాడు. ఆదివారం రియాక్టర్ బంద్ ఉంటుంది కదా అని శనివారం డ్రెస్‌ను సంచిలో చుట్టి గేటు దాటించాడు. ఉతికింది నేను. ఆదివారం రాత్రి వాన పడింది. పొద్దున ఆయన తీసుకుపోతానంటే, లోపలి బట్ట ఆరలేదు, తడిది తొడుక్కుంటే ఒళ్లంతా దద్దుర్లు లేస్తయ్, ఒక్కరోజుకు ఏంగాదు, రేపు పట్టుకపో అన్నాను. నేనే అన్నాను వదినా. కొక్కేనికి వాళ్లు చూపిస్తున్నది రెండు రోజుల తర్వాత కొన్న కొత్త డ్రెస్.

మొన్న రాత్రి మేనేజర్ చెవిలో చెప్పింది ఏమిటో పొద్దున ఆయన ఏడుస్తూ చెప్పాడు. గేటు కెమెరాలో సంచి కనబడిందట. సంతకం పెట్టకపోతే దొంగతనం కేసు ఆయన మీద, సాయన్న చావు నా మీద రాయిస్తాడట. ఇంటికి పోగానే పాత డ్రెస్ కాల్చెయ్యమన్నాడట. నా కోసం పెట్టాడు ఆ సంతకం.

డ్రెస్ మా వంటింటి సజ్జ మీద, దుప్పట్లో చుట్టి ఉంది. మెడ దగ్గర ఆ గది నంబరు ముద్ర ఉంది. మేము ఆదివారం పొద్దున దిగుతాం. దిగిన గంటలో ఆయన దాన్ని కాల్చేస్తాడు. ఈ ఉత్తరం స్పీడ్‌పోస్టులో శనివారం అందుతుందని కౌంటర్లో అమ్మాయి అంటోంది. అందిన నిమిషమే బయలుదేరు. ఒక్కదానివే పోకు, మీ నాన్నగారిని వెంటబెట్టుకో. తాళంచెవి పక్కింటి పుష్ప దగ్గర ఉంది, ఈ ఉత్తరం చూపిస్తే ఇస్తుంది. పద్దెనిమిదిన సంగారెడ్డికి నేనూ వస్తాను. ఉతికింది నేనేనని చెప్తాను. ఈ మాట ఆయనకింకా చెప్పలేదు.

నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు, ఉమ్మేయాలనిపిస్తే ఉమ్మేయి. ముందు పోయి డ్రెస్ తెచ్చుకో వదినా.