శిలువలో గుండె భాగం నికోలాసాకి

మెక్సికో దేశం, ఓహాకా రాష్ట్రం, శాంతా ఇనెస్ దెల్ బార్రో ఊరి వెనక వీధి కాపురస్తురాలిని, కీర్తిశేషుడు గౌదెన్సియో అకీనో భార్యను, ఎవుఫ్రాసియా లాసో అనే నేను, ఒళ్లు చెడినా మతి చెడకుండా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి సలహా వినకుండా (ఎప్పుడు విన్నాను గనక!) నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా. నాకు పిల్లలు లేరు. నేను జ్ఞానస్నానం పొందిన కతోలికురాలిని, కతోలికురాలిగానే పోతాను. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు, ఇకముందు రాసే ఓపికా లేదు.

నా భర్త పినతండ్రి కొడుకు, చర్చి గంటలు కొట్టే సెలెరీనో అకీనో దీన్ని రాస్తున్నాడు. అమలు జరిపించే బాధ్యత కూడా అతనికే అప్పగిస్తున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలి. మధ్యలో నిట్టూర్పులు విడిస్తే ఊరుకోను.

ఒకటి. నేనుంటున్న మట్టి ఇల్లు, వంటిల్లు, పెరటిలో దానిమ్మ చెట్టుతో సహా, నా తదనంతరం నా ఏకైక చెల్లెలు నికోలాసా లాసోకు సర్వహక్కులతో చెందవలసినది. దీనికి ఏ షరతూ లేదు. షరతు పెట్టమని సెలెరీనో పోరుపెట్టాడు. "ఇల్లు కావాలంటే నువ్వు పోయిన తొమ్మిదో రోజు జపాలకి రావాలని రాయించు వదినా, పరుగెత్తుకొస్తుంది" అన్నాడు. చెల్లెల్ని బేరమాడి తెచ్చుకోడానికి నేనేమన్నా సంతకెళ్లానా? ఆమె వచ్చినా రాకపోయినా ఇల్లు ఆమెదే. ఇల్లు చూపించి పిలిచిందన్న మాట నాకొద్దు.

రెండు. కోకో గింజలు నూరే నా సన్నెకల్లు, పొత్రం, పక్కింటి ఒదిలోనా సోసాకు. ఆమె మా అత్తగారి పెద్ద కుండ పండక్కని పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. అడిగితే "ఏ కుండ?" అంది. ఆ కుండను కూడా ఇందుమూలంగా ఆమెకే ఇచ్చేస్తున్నాను. ఇక వీధిలో నన్ను చూసి మొహం తిప్పుకునే శ్రమ ఆమెకి తప్పుతుంది. ఒక మాట మాత్రం రాయాలి. నాకు జ్వరం వచ్చిన వారమంతా ఆ కుండలోనే గంజి కాచి గోడ మీద పెట్టి వెళ్లింది. అప్పుడూ కుండ సంగతి ఎత్తలేదు మహాతల్లి.

మూడు. నా నల్ల గొడుగు మా కొత్త ఫాదరుగారికి. నేను జపమాల చెబుతుంటే బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టుందని ఆయన అన్నారట. నిజమే కావచ్చు. పాపం, కొండ ఊళ్లకు వానలో తడుస్తూ తిరుగుతున్నారు, గొడుగు పుచ్చుకోమనండి.

నాలుగు. గోడ మీది యేసు తిరుహృదయం పటం, మరియతల్లి బొమ్మ, పునీతులందరూ సెలెరీనోకు. శవం లేచిన రోజే వాటిని తీసుకెళ్లాలి. నికోలాసా సువార్త సంఘంలో చేరింది, బొమ్మలున్న ఇంట్లో అడుగు పెట్టదు. ఆమె రాకపోతే ఆ నేరం పునీతుల మీదికి పోకూడదు.

ఐదు. అమ్మ నీలం శాలువా నికోలాసాకి. చిన్నప్పుడు ఇద్దరం దాని కిందే పడుకునేవాళ్లం. రాత్రంతా తన్నేది, పొద్దున్నే శాలువా మొత్తం దాని మీదే ఉండేది. ఇప్పుడు తన్నకుండానే మొత్తం దానిదే.

ఆరు. నా శిలువ గురించి. ఇది జాగ్రత్తగా రాయి సెలెరీనో.

మన ఊరి ఆచారం ప్రకారం నా శవాన్ని ఉంచిన చోట నేల మీద సున్నంతో శిలువ వేయాలి. తొమ్మిది రోజులు జపాలు జరగాలి. తొమ్మిదో రోజున ఐదుగురు ఆ సున్నాన్ని ఐదు భాగాలుగా, తల, రెండు చేతులు, పాదాలు, గుండె, పళ్లెంలోకి ఎత్తి, తీసుకెళ్లి సమాధి మీద పోయాలి. ఈ ఊళ్లో ఎవరు పోయినా జపాలు చెప్పింది నేను. నాకు చెప్పేవాళ్లెవరూ లేరు. సెలెరీనో పుస్తకం చూసి చదువుతాడు. అతనికి చూపు ఆనదు, అక్కడక్కడ తప్పులు పోతాయి, ఎవరూ నవ్వకూడదు. వచ్చినవాళ్లకు తాగడానికి చాక్లెట్ చిక్కగా కాచి ఇవ్వాలి.

తల సెలెరీనో ఎత్తాలి. కుడిచెయ్యి ఒదిలోనా, ఎడమచెయ్యి ఆమె కోడలు, పాదాలు ఎవరు దగ్గరుంటే వాళ్లు.

గుండె భాగం నికోలాసాది.

మా అమ్మ పోయినప్పుడు గుండె భాగం చిన్నకూతురు ఎత్తాల్సి ఉంది. అప్పటికే నికోలాసా ఆ సంఘంలో చేరింది. అక్కడికి వెళ్లాక దాని మొగుడు తాగుడు మానేశాడు, ఆ మాట కాదనను. ఆ రోజు వచ్చింది గాని చేతులు కట్టుకుని నిలబడింది. "అమ్మ ఆ సున్నంలో లేదక్కా, ప్రభువు దగ్గరుంది. నేను సున్నానికి మోకరించను" అంది. ఊరంతా చూస్తోంది. నాకు ఒళ్లు మండింది. "మరెందుకొచ్చావే, చాక్లెట్ తాగి పోదామనా?" అన్నాను. అప్పుడంది: "నీకు జపాలన్నీ నోటికొచ్చు. నీ కడుపులో ఉన్నది ఎన్నడైనా దేవుడికి విప్పి చెప్పుకున్నావా అక్కా? ఒక్కసారి?" అని వెళ్లిపోయింది. మళ్లీ ఈ గుమ్మం తొక్కలేదు. నేనూ పిలవలేదు. నేనన్నది తప్పని ఈ రోజుకీ ఒప్పుకోను. అదన్నది తప్పని మాత్రం అనలేకపోతున్నాను.

కాబట్టి నికోలాసా మోకరించనక్కర్లేదు. నిలబడి చీపురుతో ఎత్తినా సరే. ఎత్తకుండా కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నా సరే. తన సంఘం పద్ధతిలో గట్టిగా ప్రార్థన చేసుకుంటే ఎవరూ గొణగకూడదు, ముఖ్యంగా ఒదిలోనా. ఆమె కూర్చుని ఉండగా ఆ భాగం సెలెరీనో ఎత్తవచ్చు.

ఆమె అసలు రాకపోతే, గుండె భాగాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. జాలిపడి ముందుకొచ్చే వాళ్లను సెలెరీనో ఆపాలి. అది నేల మీదే ఉండనివ్వండి. మిగిలిన నాలుగు భాగాలే తీసుకెళ్లి పోసి రండి.

ఏడు. ఇక దేవుడికి. నా ఆత్మను ఆయన చేతుల్లో పెడుతున్నానని రాయించడం మర్యాద, రాయిస్తున్నాను. కాని అది పుస్తకంలో మాట, అందరి వీలునామాల్లోనూ ఉంటుంది.

మొన్న వాన పడుతుంటే పొయ్యి దగ్గర కూర్చుని, జపమాల పక్కన పెట్టి, నా మాటల్లో ఆయనతో మాట్లాడదామని చూశాను. నోరు దానంతట అదే పరలోక జపం అందుకుంది. ఆపాను. మళ్లీ మొదలుపెడితే మంగళవార్త జపం వచ్చింది. ఎంత సిగ్గేసిందో! ఇంతమంది చావులకు ఆయన్ని గొంతెత్తి పిలిచినదాన్ని, తీరా ఆయన ఎదురుగా కూర్చుంటే ఏం చెప్పాలో తెలియలేదు. చాలాసేపటికి ఈ మాటలు వచ్చాయి: "ప్రభువా, ఒక్కదాన్నే ఉన్నాను. భయమేస్తోంది. మా చెల్లిని పంపించు." ఆమెన్ అనడం కూడా మర్చిపోయాను. చాలాసేపు ఏడ్చాను.

జవాబింకా రాలేదు. ఆ రోజు నుంచి వీధి తలుపు గడియ వేయడం మానేశాను.

చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని చేసిన సంతకం.

శాంతా ఇనెస్ దెల్ బార్రో, 1996 ఆగస్టు 14, బుధవారం.

(సంతకం) ఎవుఫ్రాసియా లాసో

సాక్షులు:
1. ప్రాక్సెదిస్ లూయిస్, రొట్టెల వ్యాపారం
2. ఇలారియో మెంథెస్, బస్సు డ్రైవరు

దస్తూరి: సెలెరీనో అకీనో