మోకాళ్ల మాత్రల పేరు పంపు

అమ్మా, నాయన బాగుండాడు, రెండు ఇడ్లీలు తిన్నాడు. భయపడాకు.

ఈ బెంగళూరు ఆసుపత్రిలో రేపు పది గంటలకు పేగులో క్యాన్సర్ గడ్డకు కొత్త మందు ఎక్కిస్తారంట. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయంట, గడ్డ వాటిని నిద్రపుచ్చిందంట. కొన్నయితే గడ్డకే మేత పెడతాండాయంట. "కాపలా పెట్టినోడే పందులకు చేను చూపించినాడా!" అని నాయన నగినాడు. ఈ మందు వాటిని లేపుతాదంట.

"స్టెరాయిడ్ మాత్రలు మింగితే అవి సరిగ్గా లేవవు. ఏమైనా వేసుకుంటున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది. నాయన లేదనేసినాడు. మనూర్లో సూదులేసే ఆయప్ప మోకాళ్ల నొప్పికి ఇచ్చిన తెల్ల మాత్రలు రోజూ మింగుతానే ఉండాడు మా. బయటికొచ్చినాక నేను అడిగితే, "చెప్తే మందు ఎక్కించకుండా పంపేస్తార్రా, గమ్మునుండు" అన్నాడు.

పొట్లంలో మాత్రలు విడిగా ఉండాయి, పేరు లేదు, అవి స్టెరాయిడ్ మాత్రలేమోనని నా అనుమానం. నువ్వు ఇప్పుడే పోయి ఆయప్పను అడిగి, ఆ మాత్రల అట్ట ఫోటో చెల్లెలితో పంపించు. మేకలకు నీళ్లు దొరుకుతాండాయా? అవ్వకు ఇదేం చెప్పాకు.

ఫోటో రాకున్నా, పొద్దున పొట్లం తీసి డాక్టరమ్మ చేతిలో పెడతా. నాయన కొట్టినా సరే.

నీ వన్నూరు