కాలరు నిలబెట్టిన పేగుల పొడి

అక్కకి,

తమ్ముడు రాసేది. ఇక్కడ అందరం క్షేమం, నా ప్యాంట్లు తప్ప. నడుం దగ్గర ఒక్కటీ నిలవడం లేదు. మొన్న ఒకరి వంటింట్లో సింకు కింద దూరి పైపు విప్పుతుంటే, ఆ ఇంటావిడ "పైపు సంగతి తర్వాత, ముందు మీరు ప్యాంటు పైకి లాక్కోండి" అంది. ఇన్నేళ్ళ ప్లంబరు పరువు ఆ సింకులోనే కలిసిపోయింది. మూడు ప్యాంట్లు పార్సెల్ చేశాను. నడుం బిగించి పంపు.

అందులోనే ఒక డబ్బా పెట్టాను. నీకూ బాగా పనికొస్తుంది. రెండు చెంచాలు నీళ్ళల్లో కలిపి వాడు. ఎందుకో ఏమిటో కార్డు మీద రాయలేను, పోస్టుమాన్ నీకంటే ముందే చదివేస్తాడు. పార్సెల్ ఆఫీసులో నవ్వుతారని డబ్బా మీది కాగితం కూడా నేనే పీకేశాను. వాడి చూడు, నీకే తెలుస్తుంది.

నీ తమ్ముడు

తా.క.: డబ్బా సంగతి మీ మరదలికి రాయకు.


ఒరేయ్ చిన్నోడా,

అక్క ఆశీస్సులు. ఫోను చేద్దామనుకున్నాను కానీ, ఫోన్లో అయితే నేను నిన్ను మాట్లాడనివ్వనని నీ ఫిర్యాదు కదా, అందుకని కాగితం తీసుకున్నాను. పార్సెల్ అందింది. ఇన్నాళ్ళకి నా పని మీద నీకు ధ్యాస కలిగింది, సంతోషం!

ఎక్కడ దొరికిందిరా ఇంత మంచి గంజిపొడి? బ్యాండు వాళ్ళ నల్ల యూనిఫారాలు కుడుతున్నాను. వాళ్ళ కాలర్లు ఎంత ఇస్త్రీ చేసినా నీరసంగా వాలిపోయేవి. నువ్వు చెప్పినట్టే రెండు చెంచాలు నీళ్ళల్లో కలిపి పట్టించి ఆరబెట్టాను. చెక్కలా నిలబడ్డాయి. ట్రంపెట్ ఊదే అతను తొడుక్కుని చూశాడు, మెడ తిరగలేదు. రోడ్డు దాటడానికి మనిషి మొత్తం అటూ ఇటూ తిరిగాడు. బ్యాండు మాస్టారు మాత్రం మురిసిపోయాడు, "నా వాళ్ళు మొట్టమొదటిసారి తలెత్తుకుని నిలబడ్డారమ్మా" అని.

సరే, అసలు సంగతికి వస్తాను. నువ్వు మొదటి జీతం తెచ్చుకున్న రోజు నుంచీ నీ బట్టలు కుడుతున్నది నేను. నీ నడుం పెరగడమే గానీ తగ్గడం నేను ఎరగను. ఇప్పుడిలా చిక్కిపోయావేం? నాన్నకి చివరి ఏడాది ప్యాంట్లు బిగించింది నేనే. బిగించినవి మళ్ళీ బిగించాను. ఆ పని ఇంకోసారి నా చేత చేయించకు. తిండి తింటున్నావా లేదా, దాచకుండా రాయి.

మీ అక్క

తా.క.: ఇంకో రెండు డబ్బాలు పంపు. డప్పులు కొట్టేవాళ్ళు మిగిలారు.


అక్కా, అక్కా, ఏం పని చేశావక్కా!

అది తాగేది! కాలరుకి పట్టించేది కాదు! అది పేగులు కడిగే పొడి.

ఈసారి కవరులో రాస్తున్నాను కాబట్టి సిగ్గు విడిచి చెప్తాను. మందుల షాపు పక్కన కొత్తగా ఒక కొట్టు పెట్టారు. తెల్లకోటు వేసుకున్న ఒకాయన బొమ్మ చూపించాడు, మనిషి పేగు బొమ్మ. లోపల గోడలకి ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డు. అక్కా, అది నేను రోజూ చూసేదే! ఎన్ని సింకు పైపులు కోసి చూశాను, ఎన్నింట్లో అచ్చం అలాగే ఉండేది! పైపు పైపే, ఇంట్లో ఉంటే ఏంటి ఒంట్లో ఉంటే ఏంటి అనుకుని అక్కడికక్కడే కొనేశాను.

పొద్దునా రాత్రీ పొడి, మధ్యలో పళ్ళరసం మాత్రమే తాగాలని డబ్బాతో పాటు కాగితం ఇచ్చారు. తు.చ. తప్పకుండా చేస్తున్నాను. నడుం తగ్గింది అందుకే, నువ్వేం కంగారు పడకు. ఇంకో మాట, అసహ్యించుకోకు. వారం తిరక్కుండానే బయటికి వచ్చేసింది! నల్లగా, రబ్బరులా, మూరెడు తాడు. అంత మురికి మోసుకుంటూ ఇన్నాళ్ళు ఎలా తిరిగానా అని నాకే ఆశ్చర్యం వేసింది. నీలోనూ ఉంటుంది, బట్టల మీద వృథా చెయ్యకుండా తాగు.

నీ తమ్ముడు

తా.క.: ట్రంపెట్ అతనికి చెప్పు, ఊదేటప్పుడు కాలరు నోట్లోకి పోనివ్వొద్దని. పోతే ఆ సాయంత్రం ఏ ప్రోగ్రామూ పెట్టుకోవద్దని కూడా చెప్పు.


చిన్నోడా,

నువ్వు తాగుతున్నది ఆ కాలరుని నిలబెట్టిన పదార్థమా! చదివి కుర్చీలో కూలబడ్డాను.

కాలర్లకి కలపగా మిగిలింది గ్లాసులోనే వదిలేశాను. రెండో రోజు కడుగుదామని చెంచా లాగితే, గ్లాసు ఆకారంలో ముద్ద మొత్తం చెంచాతో పాటు వచ్చింది. నల్లగా, రబ్బరులా. నువ్వు మురిసిపోయిన తాడు ఉంది చూడు, దాని తోబుట్టువు నా కిటికీలో కూర్చుని ఉంది.

నా దగ్గర తెల్లకోట్లు కుట్టించుకునే డాక్టరమ్మ నిన్న కొలతకి వచ్చింది. నోట్లో గుండుసూదులు పెట్టుకునే అడిగాను పేగులు కడిగే పొడి గురించి. పాపం ఆవిడ నేనే తాగాననుకుని నా నాడి పట్టుకుంది. సూదులు తీసి వివరంగా చెప్పాను. ఆవిడ నవ్వలేదురా. పేగుల గోడలకి అలా జిడ్డు పేరుకోదట. దేవుడిచ్చిన ఆ గొట్టం తన పని తనే చేసుకుని రోజూ శుభ్రపడుతుందట, ఎవడి పొడీ అక్కర్లేదట. ఆ పొడే లోపల నీళ్ళు పీల్చుకుని ఉబ్బి, గట్టిపడి, తాడై బయటికి వస్తుందట. అంటే వాళ్ళు నీకు అమ్మిందాన్నే మళ్ళీ నీకు మురికి అని చూపించారు. ఎంత తెలివిరా వాళ్ళది!

వెళ్ళబోతూ ఆవిడ ఒక మాట అడిగింది. "మీ తమ్ముడు అసలు ఎందుకు మొదలుపెట్టాడు?" అని. తలనొప్పి బిళ్ళ కూడా సగం విరిచి వేసుకునే మనిషివి నువ్వు. ఊరికే మొదలుపెట్టవు. ఎందుకు?

మీ అక్క

తా.క.: ఊరేగింపులో వాన పడింది. కాలర్లు నీళ్ళు తాగి ఉబ్బి చెవుల దాకా వచ్చాయి. బ్యాండు మాస్టారు నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినా వాళ్ళకి వినపడదనుకో.


అక్కకి,

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నీ గ్లాసు మాట నమ్మబుద్ధి కాలేదు. నా సామాన్ల గదిలో ఉన్న పాత పైపు బెండు, అదే వంపు తిరిగిన ముక్క, తీసి కడిగి, అందులో పొడి కలిపి పోసి, రెండు వైపులా గుడ్డ కుక్కాను. తర్వాత రోజు దులిపితే జారింది. అదే తాడు. బెండు వంపుతో సహా. ఆ పైపు జన్మలో ఏదీ తిన్నది లేదు, తాగింది లేదు.

కొట్టు వాళ్ళకి ఘాటుగా రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "మీలోని విషాలు కోపం రూపంలో బయటికి వస్తున్నాయి, ఇది శుభసూచకం, ఇక పెద్ద డబ్బా వాడండి" అని. నేను తిట్టినా వాళ్ళ మందు పనిచేసినట్టే లెక్క!

ఎందుకు మొదలుపెట్టానో చెప్తాను. విరేచనంలో రక్తం కనపడింది అక్కా. ఒకసారి కాదు. నాన్నకి కూడా అలాగే మొదలైంది కదా. హాస్పిటల్‌కి వెళ్తే దానికో పేరు పెడతారు. పేరు పెట్టనంత వరకూ అది మురికే, కడిగితే పోతుంది అనుకున్నాను. తాడు బయటికి వచ్చిన రోజు ఎంత సంతోషపడ్డానో నీకు తెలీదు. పీడ వదిలిందనుకుని ఆ రోజు ఈల వేసుకుంటూ పనికి వెళ్ళాను. ఇప్పుడు ఆ సంతోషం కూడా పోయింది. కెమెరా పెట్టి చూస్తారట. నాకు భయంగా ఉంది. మీ మరదలికి చెప్పకు, తట్టుకోలేదు.

నీ తమ్ముడు

తా.క.: ఆ తాడు మీ మరదలు చూసి ఇదేమిటని అడిగింది. పైపులోంచి తీశానన్నాను. అబద్ధమేం కాదు కదా.


నాన్నా, చిన్నోడా,

నీ ఉత్తరం మిషను మీద పెట్టుకుని ఏడ్చాను. కుడుతున్న చొక్కా చెయ్యి తడిసిపోయింది, మళ్ళీ ఇస్త్రీ చేశాను. ఇన్నాళ్ళు ఒక్కడివే ఎలా మోశావురా?

ఇప్పుడు నా మాట విను. పోయినేడు మా ఇంట్లో సింకు నిండిపోతే నేను బజారు నుంచి ఏదో పొడి తెచ్చి పోశాను. నువ్వు వచ్చి ఎంత గొడవ చేశావో మర్చిపోయావా? "లోపల ఏముందో చూడకుండా పొడి పోస్తే ఎలా అక్కా? చిన్నదైతే చేత్తో తీసేద్దును. నీలాంటివాళ్ళ వల్లే చిన్నది పెద్దదవుతుంది" అన్నావు. అని, నీ సంచిలోంచి ఆ పొడుగాటి కెమెరా తీగ తీసి లోపలికి పంపావు. తీరా చూస్తే అడ్డుపడింది నా అంగుస్తానా, వేలికి పెట్టుకునే ఆ చిన్న టోపీ. దానికి నేను ఎంత భయపడ్డానో, గోడ బద్దలు కొట్టాలేమోనని!

రక్తం కనపడటానికి చాలా కారణాలు ఉంటాయట. ఎక్కువమందికి చిన్నవేనట. కానీ చూస్తేనే గానీ ఏదో తెలీదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఊళ్ళో అందరి గొట్టాల్లోకి కెమెరా పంపేవాడివి, నీ దగ్గరికొచ్చేసరికి పొడి పోసుకుంటావా?

ప్యాంట్లు బిగించలేదు. బిగించను. పరీక్ష చేయించుకునే దాకా బెల్టు పెట్టుకో.

మీ అక్క

తా.క.: మరదలికి వేరే కవరులో అంతా రాశాను. తిడితే తిట్టుకో. నువ్వు ఇది చదివే వేళకి నీ వెనకే నిలబడి ఉంటుంది. ఒకసారి వెనక్కి చూడు.


అక్కకి,

వెనక్కి చూశాను. ఉంది. ఆ తర్వాత జరిగినవి రాయను.

హాస్పిటల్‌కి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ముందు రోజు వాళ్ళే తాగడానికి ఒక మందు ఇచ్చారు. అక్కా, కడగడమంటే అదీ! కొట్టువాడి పొడి దాని ముందు ఎందుకూ పనికిరాదు. మా బాత్రూము తలుపుకీ నాకూ ఆ రాత్రి జన్మజన్మల బంధం కలిసింది.

మత్తు కొంచెమే ఇవ్వమని, తెర నా వైపు తిప్పమని బతిమాలాను. కెమెరా లోపలికి వెళ్తుంటే ఊరుకోలేక "బెండు దగ్గర మెల్లిగా తిప్పండమ్మా, తీగ మడత పడుతుంది" అన్నాను. "మీరూ ఇదే పని చేస్తారా?" అంది డాక్టరు. "చేస్తానమ్మా, కాకపోతే మా పైపులు ఇలా సలహాలు ఇవ్వవు" అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కెమెరా కాసేపు ఆపింది.

లోపల గోడలు చూడాలి అక్కా. గులాబీ రంగులో తళతళలాడుతున్నాయి. జిడ్డు లేదు, తుప్పు లేదు. అంత మంచి పైపు నా సర్వీసులో చూడలేదు. రక్తం మొలల వల్లేనట, మందిచ్చారు. చిక్కిపోయింది పళ్ళరసం వల్ల, దిగులు వల్ల. మీ మరదలు వరండాలో నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, మత్తు వల్ల అని చెప్పాను.

ఇక నీ సంగతి. నాన్నకి ఏమైందో విని డాక్టరు "తోబుట్టువులు ఉన్నారా, వాళ్ళు చూపించుకున్నారా?" అని అడిగింది. ఒకే మేస్త్రీ కట్టిన వరసలో ఒక ఇంటి పైపు పగిలితే, నేను పక్క ఇళ్ళవి కూడా చూసిగానీ రాను. మనది అదే వరస అక్కా. నాది చూశారు. నీదెప్పుడు?

నీ తమ్ముడు

తా.క.: వదినా, ఇది నేను, మీ మరదల్ని, రాస్తున్నాను. మిగిలిన డబ్బా కలిపి వంటింటి గోడ పగుళ్ళు పూడ్చాను. బాగా పట్టింది. వాన తగలని గోడే, భయం లేదు.


చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఎన్నాళ్ళకో హాయిగా నిద్రపోయాను. నా సంగతంటావా, నాకేం! రక్తం లేదు, నొప్పి లేదు, రాళ్ళు తిని అరిగించుకుంటున్నాను. పైగా బ్యాండు వాళ్ళ కాలర్లన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. తీరిక చూసుకుని వెళ్తానులే.

పై ముక్క ఎప్పుడో రాసి, కవరు అంటించకుండా ఆపేశాను. మిషను తొక్కుతున్నప్పుడల్లా "నీదెప్పుడు?" అన్న నీ మాటే. నీకు అంత ధైర్యం చెప్పిన దాన్ని, నా వంతు వచ్చేసరికి కాలర్ల వెనక దాక్కున్నానురా. చివరికి వాటిని మిషను మీదే వదిలేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి కెమెరా పరీక్ష చేయించుకున్నాను.

నాలో కనపడింది.

చొక్కా గుండీ అంత కంతి. చిన్న కాడతో గోడకి పట్టుకుని వేలాడుతోంది. డాక్టరమ్మ అక్కడికక్కడే, కాలరు గుండీ తెంపినట్టు తెంపేసింది. పరీక్షకి పంపింది. ఫలితం నిన్న వచ్చింది. ఇంకా చెడ్డది కాలేదట. వదిలేసి ఉంటే కొన్నేళ్ళకి అయ్యే రకమేనట. నాన్నకి అలాంటిదే, చూసినవాళ్ళు లేక పెరిగిపోయి ఉంటుందంది. ఇక నాకు భయం లేదు, మధ్యమధ్యలో వెళ్ళి చూపించుకుంటే చాలు.

ఏ నొప్పీ లేని మనిషిని, నా అంతట నేను ఎందుకు వెళ్తానురా? నీకు భయం వెయ్యకపోతే, ఆ దొంగ పొడి కొనకపోతే, నీ ప్యాంటు జారకపోతే, నేను హాయిగా కాలర్లు కుట్టుకుంటూ దాన్ని లోపల పెంచుకుంటూ ఉండేదాన్ని. నిన్ను చేతుల మీద పెంచాను. నువ్వు నన్ను బతికించుకున్నావు. ఇంతకంటే రాయలేను, అక్షరాలు కనపడటం లేదు.

ప్యాంట్లు పంపుతున్నాను. మరదలు నీ నడుం కొత్తగా కొలిచి రాసింది. బిగించాల్సిన అవసరం రాలేదు. కాస్త వదులు చేశాను.

మీ అక్క

తా.క.: ఈ సంగతి ఆ కొట్టువాళ్ళ చెవిన పడనివ్వకు. మా పొడి వల్లే ఈవిడ ప్రాణం దక్కిందని నా ఫొటో డబ్బా మీద వేస్తారు. అది పూర్తిగా అబద్ధమూ కాదు కదా.